మన్యం మంచుకు బండి మొరాయిస్తే నేరం స్క్రూది కాదు!

చోక్‌తో తీరే ఇబ్బందికి కార్బ్యురేటరు తిప్పిస్తున్నారు
ఘాట్ ఎక్కితే ఒక లెక్క, దిగితే ఇంకో లెక్క

లంబసింగి: డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున ఈ ఊళ్ళో మంచు కంటే ముందు చెవిన పడేది కిక్కు రాడ్ల చప్పుడే. పాత మోటారు సైకిళ్ళు ఒక పట్టాన అందుకోవు. పది కిక్కులకు ఒకసారి దగ్గి, మళ్ళీ ఆగిపోతాయి. స్వెట్టరు విప్పేంత చెమట పట్టాక గాని కొన్ని బళ్ళు కదలవు. మంచు చూద్దామని విశాఖపట్నం నుంచి రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చిన కుర్రకారు తిరుగు ప్రయాణంలో బళ్ళు తోసుకుంటూ కనిపించడం ఇక్కడి వాళ్ళకు వినోదం. వాళ్ళు ఏడాదికి ఒకసారి తోస్తారు. చింతపల్లి, జి.కె.వీధి వైపు కాఫీ తోటల రైతులు, బడి పంతుళ్ళు, ఆరోగ్య కార్యకర్తలు చలికాలమంతా ఈ అవస్థ పడవలసిందే.

అవస్థ అక్కడితో ఆగితే బాగుండును. చలికి స్టార్టు కాని బండిని నర్సీపట్నం దింపి మెకానిక్కుకు చూపిస్తారు. ఆయన కార్బ్యురేటరు స్క్రూ తిప్పి పెట్రోలు కాస్త పెంచుతాడు. బండి రెండో కిక్కుకే అందుకుంటుంది. మెకానిక్కుకు దండం పెట్టి ఇంటికి వస్తారు. మార్చి దాటేసరికి సైలెన్సరు నుంచి నల్లటి పొగ, పెట్రోలు వాసన. లీటరుకు 60 కిలోమీటర్లు వచ్చే బండి 52 దగ్గర నిలబడుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషికి ఇది రెండున్నర లీటర్ల దండుగ. మళ్ళీ మెకానిక్కు దగ్గరకు పరుగు. ఈసారి ‘మైలేజి కోసం’ స్క్రూ బిగిస్తారు. ఆ బండి మీద ఇద్దరు మనుషులు, ముందు ఒక బస్తా వేసుకుని డౌనూరు దాటి ఘాట్ ఎక్కితే సగం దారిలో ఇంజను కాగిపోయి పికప్ చచ్చిపోతుంది. అటు తిప్పినా నష్టమే, ఇటు తిప్పినా నష్టమే.

ఇంతకీ తప్పు ఎక్కడుంది? గాలిలో ఉంది. గాలిని లెక్కలోకి తీసుకోకుండా పెట్రోలును మాత్రమే తిప్పుతుండటంలో ఉంది.

గాలికీ తూకం ఉంది

ఒక పాలు పెట్రోలు సక్రమంగా కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇది తూకం లెక్క. ఇంజనుకు మాత్రం తూకం తెలియదు. అది గాలిని కుంచంతో కొలిచినట్లు కొలిచి తీసుకుంటుంది. వంద సీసీ ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతూ, రేజు పూర్తిగా ఇచ్చినప్పుడు, నిమిషానికి దగ్గర దగ్గర 200 లీటర్ల గాలి పీలుస్తుంది. చలిలోనైనా ఎండలోనైనా ఆ కుంచం మారదు. కుంచంలో పడే సరుకు మారుతుంది. తాలు ఎక్కువైన వడ్లు కుంచం నిండినా తూకానికి తక్కువ వచ్చినట్లే, వేడెక్కిన గాలి సిలిండరు నిండా చేరినా తూకానికి తక్కువే.

ఎంత తక్కువ? గాలి వేడి మూడు డిగ్రీలు పెరిగితే తూకం సుమారు ఒక శాతం పడిపోతుంది. ఎత్తు పెరిగినా అంతే. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు పైకి వస్తే గాలి ఒత్తిడి సుమారు 11 శాతం తగ్గుతుంది. లంబసింగి ఎత్తు దాదాపు అంతే.

గాలి తగ్గినంత మేర పెట్రోలు కూడా తగ్గితే గొడవ లేదు. పాత కార్బ్యురేటరుకు అంత తెలివి లేదు. సన్నటి గొంతులో గాలి వేగంగా పోతున్నప్పుడు పుట్టే లాగుడుకు కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు కన్నంలోంచి పైకి లేస్తుంది. గాలి తూకం పది శాతం తగ్గితే పెట్రోలు ఐదు శాతం మాత్రమే తగ్గుతుంది. అంటే ఎండలోనూ, ఎత్తులోనూ మిశ్రమం తనంతట తానే చిక్కబడుతుంది. మెకానిక్కులు దీన్నే ‘రిచ్’ అంటారు. చల్లటి మైదానంలో తనంతట తానే పలచబడుతుంది. అది ‘లీన్’. ఎండాకాలంలో పెట్రోలు ఆవిరైపోతుంది కనుక కాస్త ఎక్కువ వదలాలి అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. పరుగు మీదున్న బండి విషయంలో ఆ మాట తలకిందులు.

నాలుగు పూటల లెక్క

నర్సీపట్నం నుంచి లంబసింగికి 30 కిలోమీటర్ల లోపే. కింద ఊరు సముద్రమట్టానికి దగ్గరగా ఉంటే పై ఊరు వెయ్యి మీటర్ల మీద కూర్చుంది. ఈ రెండు చోట్లా ఒక ఘనమీటరు గాలి ఎంత తూగుతుందో లెక్క కడితే విచిత్రమైన సంగతి బయటపడుతుంది.

జనవరిలో నర్సీపట్నంలో తెల్లవారుజామున 17 డిగ్రీలు ఉందనుకుంటే ఘనమీటరు గాలి కిలో 210 గ్రాములు. అదే ఊళ్ళో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉన్న రోజున కిలో 110 గ్రాములు. లంబసింగిలో మే నెల పగలు 32 డిగ్రీలు ఉంటే కిలో 30 గ్రాములు. మరి జనవరి తెల్లవారుజామున, చేతులు కొంకర్లు పోయే ఐదు డిగ్రీల చలిలో? కిలో 130 గ్రాములు.

చూశారా! లంబసింగి మంచులో వీచే గాలి, నర్సీపట్నం వడగాలి తూకంలో ఇంచుమించు ఒకటే. చలి పెంచిన తూకాన్ని కొండ లాగేసుకుంది. కాబట్టి ఇంజను ఒకసారి వేడెక్కిన తర్వాత, చలికాలం ఉదయం పూట కూడా పైన అదనపు పెట్రోలుతో పని లేదు. ఎండాకాలంలో నర్సీపట్నంలో సరిపోయిన స్క్రూ జనవరిలో లంబసింగిలోనూ సరిపోతుంది. ఒకే బండి ఒకే రోజున కొండ దిగితేనే తేడా. జనవరి తెల్లవారుజామున నర్సీపట్నంలో ఉండేది ఈ నాలుగింటిలో అన్నిటికంటే బరువైన గాలి. మే నెలలో పైన ట్యూనింగు చేయించిన బండిని అదే స్క్రూతో జనవరిలో కింద నడిపితే మిశ్రమం ఎనిమిది శాతం దాకా పలచబడుతుంది. ఇంజను కాగడానికి, ప్లగ్గు తెల్లబడటానికి అది చాలు.

మరి స్టార్టు ఎందుకు కాదు?

గాలి తూకం సరిపోయినప్పుడు పొద్దున్నే ఈ కిక్కుల బాధ ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు పెట్రోలులో ఉంది. ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు. ఆవిరి కావాలి. ఐదు డిగ్రీల చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. జెట్టు నుంచి వచ్చిన తుంపరలో చాలా భాగం మంచులా చల్లబడిన ఇనుప గొట్టం గోడలకు అంటుకుపోతుంది. సిలిండరులోకి చేరే ఆవిరి కొంచెమే. స్క్రూ ఎంత సరిగా ఉన్నా ప్లగ్గు నిప్పు దానికి చాలదు.

ఈ రెండు మూడు నిమిషాల గండం గట్టెక్కడానికే కంపెనీ వాళ్ళు చోక్ పెట్టారు. చోక్ వేస్తే గాలి తగ్గో పెట్రోలు పెరిగో మిశ్రమం బాగా చిక్కబడుతుంది. అందులో కొద్ది వంతు ఆవిరైనా ఇంజను అందుకుంటుంది. గొట్టం వేడెక్కగానే చోక్ తీసేయాలి. చిత్రమేమిటంటే ఏజెన్సీలో తిరిగే పాత బళ్ళలో చాలావాటికి చోక్ పని చేయదు. తీగ తెగిపోయి ఉంటుంది, లేదా మీట తుప్పు పట్టి కదలదు. మైదానంలో ఏడాదికి పది రోజులు కూడా దానితో పని పడదు గనుక ఎవరూ పట్టించుకోరు. వంద రూపాయల లోపు పోయే తీగను మార్చకుండా ఏడాది పొడవునా పెట్రోలు ఎక్కువ తాగించడం ఏం పొదుపో!

చోక్ ఉన్నవాళ్ళు చేసే పొరపాటు ఇంకొకటి. చోక్ వేసి, రేజు పూర్తిగా తిప్పి కిక్కు కొడతారు. రేజు తిప్పితే కార్బ్యురేటరు గొంతు తెరుచుకుని లాగుడు తగ్గిపోతుంది. చోక్ వేసిన ఫలితం ఉండదు. చాలా చిన్న బళ్ళలో రేజు పదిసార్లు తిప్పినంత మాత్రాన పెట్రోలు చిమ్మే పంపు కూడా లేదు. ఇంజను ఆఫ్ చేసి ఉండగా తాళం తీయకుండానే చోక్ వేసి మూడు నాలుగు కిక్కులు నెమ్మదిగా కొట్టి, తర్వాత తాళం తీసి, రేజు ముట్టకుండా ఒక గట్టి కిక్కు కొడితే చలికి మొండికేసిన బండ్లు తేలిగ్గా అందుకుంటాయి.

చలి కాకుండా వేరే కారణాలూ లేకపోలేదు. నూనె చిక్కబడి కిక్కు బరువెక్కుతుంది. బ్యాటరీ నీరసపడుతుంది. కిరాణా కొట్లలో సీసాల్లో అమ్మే పెట్రోలు రోజుల తరబడి నిలవుండి, త్వరగా ఆవిరయ్యే భాగం ముందే ఎగిరిపోయి ఉంటుంది. చలిలో కావలసింది సరిగ్గా ఆ భాగమే.

మంచు దట్టంగా ఉన్న రోజుల్లో ఘాట్ మీద మరొక వింత కూడా జరగవచ్చు. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది. బయట పది డిగ్రీలు ఉన్నా కార్బ్యురేటరు గొంతులో సున్నా కంటే కిందికి పోవచ్చు. తేమ గాలి అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. బండి ఉన్నట్టుండి నీరసించి ఆగిపోతుంది. పక్కన పెట్టి ఒక బీడీ కాల్చేలోపు ఇంజను వేడికి ఆ మంచు కరిగి మళ్ళీ మామూలుగా స్టార్టు అవుతుంది. ఇలాంటి బండిని కింద మెకానిక్కుకు చూపిస్తే రోజంతా వెతికినా లోపం దొరకదు.

రేకుల షెడ్డు ట్యూనింగు

ఇంజను పీల్చేది ఊరి గాలి కాదు, ఎయిర్ ఫిల్టరు డబ్బా మూతి దగ్గరి గాలి. ఈ చిన్న సంగతి ట్యూనింగులో పెద్ద తేడా తెస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో, ఫ్యాను గాలి కూడా తగలని మూల, పావుగంట ఐడిలింగులో పెట్టిన బండి పీల్చేది తన ఇంజను వేడికి తానే కాచుకున్న గాలి. ఆ పలచటి గాలికి సరిపోయేలా స్క్రూ సర్దితే సాయంత్రం రోడ్డెక్కి నలభై వేగంలో చల్లటి గాలి తగలగానే లెక్క మారిపోతుంది. బండిని నాలుగైదు కిలోమీటర్లు నడిపి తెచ్చి, నీడన ఆరుబయట నిలిపి, గాలి ఆడుతుండగా సర్దడమే మంచి పద్ధతి. పని తెలిసిన మెకానిక్కులు పొద్దుటి పూటే ఈ పని పెట్టుకుంటారు.

స్క్రూ ముట్టే ముందు చూడవలసినవి ఉన్నాయి. ఎర్రమట్టి రోడ్ల దుమ్ముతో ఫిల్టరు మూసుకుపోతే గాలి అందక మిశ్రమం చిక్కబడుతుంది. స్క్రూ ఎంత బిగించినా అది పోదు. ఫిల్టరు తీసేసి నడిపే మహానుభావులూ ఉన్నారు. పికప్ బాగుందని సంబరపడతారు గాని, దుమ్ము నేరుగా లోపలికి పోయి పిస్టను రింగులను అరగదీస్తుంది. ట్యాపెట్లు, ప్లగ్గు గ్యాపు కూడా ముందే సరిచూసుకోవాలి. జెట్టు కన్నంలో రాగి తీగ దూర్చి శుభ్రం చేసే అలవాటు మానుకోవాలి. ఇత్తడి జెట్టు కన్నం వెంట్రుక వాసి పెద్దదైనా పెట్రోలు పెరుగుతుంది. ఆ తర్వాత ఏ స్క్రూ దాన్ని తగ్గించలేదు. గాలి కొట్టి ఊదితే సరిపోతుంది.

ఇక స్క్రూ సంగతి. అన్ని బళ్ళలో ఇది ఒకటి కాదు. ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ. విప్పితే గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ. విప్పితే చిక్కబడుతుంది. ఈ తేడా చూడకుండా అలవాటుగా తిప్పడం వల్లే కొన్ని బళ్ళు మెకానిక్కు చెయ్యి పడ్డాక మరింత పాడవుతున్నాయి. ఏ స్క్రూ అయినా మెల్లగా చివరికంటా మూసి, కంపెనీ చెప్పినన్ని చుట్లు విప్పాలి. గట్టిగా బిగిస్తే సూది మొన, అది కూర్చునే చోటు రెండూ పాడవుతాయి. తర్వాత వేడెక్కిన ఇంజను మీద అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ చప్పుడు ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో పట్టుకుని అక్కడ ఆపాలి. ఆ పైన ఐడిలింగు తగ్గించుకోవాలి. ఇదంతా ఐడిలింగుకు, కొద్దిపాటి రేజుకు మాత్రమే వర్తిస్తుంది. సగం రేజులో పెత్తనం లోపలి సూదిది. పూర్తి రేజులో మెయిన్ జెట్టుది. ఘాట్ మీద పికప్ లేదని ఈ స్క్రూ తిప్పించడం తలనొప్పికి మోకాటికి మందు రాసుకోవడమే.

సరిగా ఉందో లేదో ప్లగ్గు చెబుతుంది. పది పదిహేను కిలోమీటర్లు నడిపి విప్పి చూస్తే ఇటుక రంగో కాఫీ పొడి రంగో ఉంటే బాగున్నట్లు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం వేసినట్లు తెల్లగా ఉంటే తక్కువ, అది ప్రమాదం. ఎక్కువ పెట్రోలు జేబు కొడుతుంది. తక్కువ పెట్రోలు ఇంజనును కొడుతుంది. రేజు వదిలినప్పుడల్లా సైలెన్సరులో టపటపమని పేలుడు వినిపిస్తున్నా, ఐడిలింగు పడుతూ లేస్తూ ఉన్నా పలచబడిందేమోనని చూసుకోవాలి.

పెట్రోలే మారింది

ఈ లెక్కలన్నిటి మీదా కొత్తగా ఇంకొకటి వచ్చి పడింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కనుక దానికి గాలి తక్కువ చాలు. కల్తీ లేని పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి కావలసిన చోట ఈ మిశ్రమానికి 13.5 పాళ్ళు చాలు. పాత కార్బ్యురేటరుకు ఈ కబురు అందదు. అది ఎప్పటిలాగే పోస్తుంది. ఫలితం, స్క్రూ ముట్టకపోయినా మిశ్రమం పలచబడినట్లే. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడి కావాలి. చలిలో స్టార్టింగు ఇంకాస్త కష్టం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. మంచులో రాత్రంతా నిలబెట్టే బండి ట్యాంకు అడుగంటా ఖాళీగా ఉంచడం మంచిది కాదు. పదేళ్ళు దాటిన బళ్ళలో పెట్రోలు గొట్టం, కార్బ్యురేటరు రబ్బరు వాషర్లు ఒకసారి చూపించుకోవాలి.

కొండ మీద ఈ మార్పు కొంత కలిసివచ్చిందనే చెప్పాలి. ఎత్తు వల్ల చిక్కబడే మిశ్రమాన్ని ఇథనాల్ పలచబరుస్తుంది. బాధ కింద మైదానంలో, జనవరి తెల్లవారుజామున. అప్పుడు చలి, ఇథనాల్ రెండూ ఒకే వైపు లాగుతాయి. మైలేజి కోసం స్క్రూ బిగించిన పాత బండి అప్పుడు నడవడమే గొప్ప.

కొత్త బళ్ళలో స్క్రూ ఏది?

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బ్యురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. ఫిల్టరు దాటాక గాలి దారిలో వేడిని కొలిచే చిన్న సెన్సారు ఉంటుంది. చలి పెరిగితే దానిలో విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది, ఎండకు తగ్గుతుంది. ఒత్తిడిని కొలిచేది మరొకటి. ఈ రెండూ చూసి బండిలోని కంప్యూటరు గాలి తూకం కట్టి ప్రతి విడతా పెట్రోలు చిమ్మిస్తుంది. సైలెన్సరు గొట్టంలో ఇంకో సెన్సారు కాలిన పొగను చూసి తప్పుంటే సరిదిద్దుతుంది. నర్సీపట్నంలోనైనా లంబసింగిలోనైనా దీనికి ఒకటే. చోక్ కూడా అదే చూసుకుంటుంది.

అయితే ఈ బళ్ళ తంటా వేరు. పెట్రోలు పంపు, కంప్యూటరు నడవాలంటే బ్యాటరీ కావాలి. చలికి బ్యాటరీ చచ్చిన చోట ఎన్ని కిక్కులు కొట్టినా చాలా బళ్ళు ఉలకవు. సెన్సారు వైరు తెగితే మీటరులో ఇంజను గుర్తు దీపం వెలుగుతుంది. స్కానరు ఉన్న చోటికి కొండ దిగి తీసుకుపోవలసిందే. ఎలుకలు వైర్లు కొరకడం పల్లెల్లో కొత్త కాదు. అయినా ఘాట్ మీద నమ్మకంగా తిరగాలనుకునేవాళ్ళు వీటికే మొగ్గుతున్నారు. మన్యంలో బండి సరదా కోసం కాదు. రోడ్డు సరిగా లేని గూడేల నుంచి రోగులను దింపడానికి 2018లో ప్రభుత్వం ఫీడర్ అంబులెన్సులు ప్రవేశపెట్టినప్పుడు మోటారు సైకిళ్ళకే పడక తగిలించవలసి వచ్చింది. ప్రసవానికి తెచ్చే మనిషిని వెనక కూర్చోబెట్టుకుని తెల్లవారుజామున కిక్కు కొట్టేవాడికి మిశ్రమం లెక్క పుస్తకాల విషయం కాదు.

పాత బళ్ళు ఇప్పట్లో పోయేవి కావు. వాటిని పైనా కిందా తిప్పేవాళ్ళు ఏడాదికి రెండుసార్లు, చలికి ముందు ఒకసారి, ఎండలకు ముందు ఒకసారి స్క్రూ చూపించుకుంటే చాలు. బండి ఎక్కువగా ఎక్కడ తిరుగుతుందో మెకానిక్కుకు ముందే చెప్పాలి. ఎన్ని చుట్లు విప్పారో, ఏ నెలలో, ఎన్ని గంటలకు సర్దారో సీటు కింద పెయింటుతో రాయించుకున్నవాళ్ళు కొందరున్నారు. మెకానిక్కు మారినా ఆ అంకె చూపించవచ్చు. చోక్ తీగ మాత్రం నవంబరులోపే మార్పించుకోవాలి. మంచు మొదలయ్యాక నర్సీపట్నం షెడ్ల ముందు బళ్ళు వరుసలు కడతాయి.